ఊరి సొమ్ము ఊరిదే: ఇటలీ బ్యాంకు ఫౌండేషన్లకు ముప్పై అయిదేళ్ల శుభాభినందన

2025 జూలై 30తో ఇటలీ దేశపు బ్యాంకు ఫౌండేషన్లకు ముప్పై అయిదేళ్లు నిండాయి. ఆల్ప్స్ కొండల పాదాన ఉన్న కూనెయో మొదలు సిసిలీ తీరాన ఉన్న పలెర్మో వరకు ఎనభైకి పైగా సంస్థలు, అన్నిటికీ కలిపి సుమారు 4,000 కోట్ల యూరోల మూలనిధి, దాని రాబడి నుంచి ఇటీవలి కాలంలో ఏటా 100 కోట్ల యూరోలకు అటూ ఇటూగా దానం! మ్యూజియాలకూ, బడులకూ, ప్రయోగశాలలకూ, వృద్ధుల సంరక్షణకూ, ఇల్లు లేని కుటుంబాలకూ అండగా నిలిచిన ఈ సంస్థలకు కళను, చదువును, సేవను ప్రేమించేవారందరి తరఫున మనసారా అభినందనలు. ఇది సర్కారు ఖజానా సొమ్ము కాదు. ఏ కోటీశ్వరుడో వీలునామాలో రాసిచ్చిందీ కాదు. తరతరాల చేతిపనివాళ్లు, కూలీలు, చిన్న రైతులు, విధవలు, పంతుళ్లు లీరా లీరా కూడబెట్టి నిలిపిన పొదుపు బ్యాంకుల విలువ ఇది. ఆ విలువ ఎవరి పాలూ కాకుండా ఆ ఊళ్లకే దక్కింది. ఈ పండుగకు అదే అసలు కారణం.

చట్టం ప్రకారం వీటి వయసు ముప్పై అయిదే. వంశం చూస్తే మాత్రం అయిదున్నర శతాబ్దాల పైమాటే. 1462లో పెరూజా నగరంలో ఫ్రాన్సిస్కన్ సన్యాసుల ప్రోద్బలంతో ఒక ధర్మ తాకట్టు దుకాణం వెలిసింది. వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కడం తప్ప మరో దిక్కులేని పేదవాడు తన దుప్పటినో, పనిముట్టునో అక్కడ కుదువపెట్టి తక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకునేవాడు. ఆ ఆలోచన ఊరూరా పాకింది. 1472లో సియెనాలో అలాంటిదే ఒకటి మొదలై మోంతె దెయి పాస్కి అనే బ్యాంకుగా ఎదిగి ప్రపంచంలోకెల్లా పాత బ్యాంకుల్లో ఒకటిగా పేరుపడింది. 1563లో టురిన్‌లో ఏడుగురు పట్టణవాసులు కలిసి సెయింట్ పాల్ పేరిట ఒక సహాయ సంఘం పెట్టుకున్నారు. 1579లో వాళ్లే ఊళ్లో మూతపడిన ధర్మ తాకట్టు దుకాణాన్ని మళ్లీ తెరిచారు. కొంపాన్యా దీ సాన్ పావొలో అన్న పేరుతో ఈ రోజు యూరప్‌లోని పెద్ద ఫౌండేషన్లలో ఒకటిగా వెలుగుతున్నది ఆ సంఘమే.

పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి తాకట్టు పక్కన పొదుపు చేరింది. 1822లో వెనిస్‌లో, 1823లో మిలాన్‌లో, 1827లో టురిన్‌లో, 1829లో ఫ్లోరెన్స్‌లో, 1837లో బొలోన్యాలో వరసగా పొదుపు బ్యాంకులు పుట్టుకొచ్చాయి. వాటిలో మిలాన్ కథ చెప్పుకోదగ్గది. నెపోలియన్ యుద్ధాలు ముగిసి కరవు కాటేసిన రోజుల్లో, 1816లో, పేదల సహాయం కోసం అక్కడ కేంద్ర ధర్మకార్య సంఘం ఒకటి ఏర్పడింది. అన్నం పెట్టడంతో పాటు రేపటికి నాలుగు నాణేలు దాచుకునే అలవాటు నేర్పాలని ఆ సంఘమే 1823లో పొదుపు బ్యాంకు తెరిచింది. అదే కారిప్లోగా ఇటలీలో అతిపెద్ద పొదుపు బ్యాంకు అయింది. రెండు శతాబ్దాలు గడిచాయి, రాజ్యాలు మారాయి, నాణెం మారింది. అయినా కారిప్లో ఫౌండేషన్‌లో నిర్ణయాలు తీసుకునే పెద్దల సభకు ఈనాటికీ కేంద్ర ధర్మకార్య సంఘమన్న పేరే ఉంది. పుట్టుకను ఇంత భద్రంగా గుర్తుపెట్టుకున్న ఆర్థిక సంస్థ మరొకటి వెతికినా దొరకడం కష్టం.

ఇక 1990. యూరప్ మార్కెట్లు ఏకమవుతున్న వేళ, ఇటలీ బ్యాంకులు చిన్నవిగా, చెల్లాచెదురుగా, రాజకీయాల నీడలో ఉండిపోయాయి. ఒకే సంస్థ ఒక చేత్తో వ్యాపారం, మరో చేత్తో ధర్మం చేయడం ఇక కుదరదని తేలింది. జూలై 30న వెలువడిన 218వ నంబరు చట్టం, అమాతో, కార్లి అనే ఇద్దరు ఆర్థిక మంత్రుల పేర్లతో ప్రసిద్ధమైన ఆ చట్టం, ఆ రెంటినీ వేరుచేసింది. వ్యాపారం జాయింట్ స్టాక్ కంపెనీకి పోయింది. ఆ కంపెనీ షేర్లు ఫౌండేషన్ చేతికి వచ్చాయి. అలా 88 ఫౌండేషన్లు పుట్టాయి. తరవాతి కాలంలో కొన్ని ఒకదానిలో ఒకటి కలిశాయి. బ్యాంకులు మాత్రం చకచకా మారిపోయాయి: కారిప్లో 1998లో ఇంటేసాలో కలిసింది, టురిన్ పొదుపు బ్యాంకు అదే ఏడాది యూనిక్రెడిట్‌లో భాగమైంది, 2007లో సాన్ పావొలో కూడా ఇంటేసాతో ఏకమైంది. తాతముత్తాతల పాస్‌బుక్కుల మీద ఉన్న పేర్లు వీధుల్లోంచి మాయమయ్యాయి.

మన దగ్గర భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు, బోర్డు దింపుతుంటే చూసి నొచ్చుకున్న తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకు ఇటలీలో జరిగిన మేలు విడమరిచి చెప్పనక్కరలేదు. అక్కడ బోర్డు దిగింది, సొమ్ము మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది.

ఆ సొమ్ముకు పెట్టిన కట్టుబాటు కూడా మెచ్చుకోదగింది. 1998లో అప్పటి ఆర్థిక మంత్రి చాంపి పేరిట వచ్చిన చట్టం, 1999 మేలో వచ్చిన దాని అమలు ఉత్తర్వు కలిసి బ్యాంకు మీద పెత్తనం వదులుకోమనీ, మూలనిధిని కాపాడుకోమనీ, రాబడిని కళలు, విద్య, పరిశోధన, ఆరోగ్యం, సేవ వంటి రంగాలకే వెచ్చించమనీ ఫౌండేషన్లకు తేల్చిచెప్పాయి. ఊరి చెరువు కింద సేద్యం ఎరిగినవాళ్లకు ఈ ఏర్పాటు ఇట్టే బోధపడుతుంది: గట్టు తెంచి ఒక్క ఏడే పంట పండించుకోవడం ఉండదు, తూము వదిలినంత నీటితోనే ఆయకట్టంతా తడవాలి. అంతకుముందే, 1991 నాటి స్వచ్ఛంద సేవా చట్టం ఈ ఫౌండేషన్ల రాబడిలో పదిహేనో వంతును స్వచ్ఛంద సేవకుల సహాయ కేంద్రాలకు కేటాయించింది. అంబులెన్సు నడిపేవాళ్లు, ఆసుపత్రిలో రోగి పక్కన కూర్చునేవాళ్లు, వరదల్లో బురద ఎత్తిపోసేవాళ్లు శిక్షణకో, బీమాకో, సలహాకో వెళ్లి తలుపు తట్టే చోట్లు అవి. పత్రికలకు ఎక్కని పని. మ్యూజియాల ప్రారంభోత్సవాలకన్నా దీన్నే ముందు పొగడాలని నా పట్టుదల.

ఇంత సంపద మీద కన్ను పడకుండా ఉంటుందా? 2001 చివర్లో ప్రభుత్వం ఫౌండేషన్ల పాలకవర్గాల్లో స్థానిక సంస్థల ప్రతినిధులకు ఆధిక్యం కట్టబెట్టే సవరణ తెచ్చింది. ఫౌండేషన్లు తలవంచలేదు, కోర్టుకెక్కాయి. 2003 సెప్టెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం 300, 301 నంబర్ల తీర్పుల్లో ఇవి ప్రైవేటు చట్టం కిందికి వచ్చే స్వతంత్ర సంస్థలనీ, సమాజం తన స్వేచ్ఛను తాను నిర్వహించుకునే మార్గాల్లో భాగమనీ స్పష్టం చేసింది. ఆ పోరాటానికి ముందు నిలిచినవారు జుసెప్పె గుత్సెత్తి. వృత్తికి వకీలు, ఒకప్పుడు లొంబార్దియా ప్రాంతీయ ప్రభుత్వ అధినేత. 1997 నుంచి 2019 వరకు కారిప్లో ఫౌండేషన్‌కూ, 2000 నుంచి 2019 వరకు ఫౌండేషన్ల సమాఖ్య ఆక్రికీ అధ్యక్షుడు. 1912లో పొదుపు బ్యాంకుల సంఘంగా మొదలైన ఆక్రిని ఇటలీ దాతృత్వానికి గొంతుకగా తీర్చిదిద్దిన ఘనతలో సింహభాగం ఆయనదే. తరవాత సమాఖ్య పగ్గాలు అందుకున్నవారు టురిన్ పాలిటెక్నిక్ మాజీ రెక్టార్ ఫ్రాన్సెస్కో ప్రొఫూమో. 2024 నుంచి ఆ బాధ్యత మిలాన్ పాలిటెక్నిక్ మాజీ రెక్టార్ జొవాన్ని అద్జొనెది. వకీలు నుంచి ఇంజనీర్ల చేతికి వచ్చిన సంస్థ ఇంకా చురుగ్గానే నడుస్తోంది.

కళా సంస్కృతుల మాట ఎత్తితే ముందుగా టురిన్‌కే తాంబూలం. 1824లో మొదలైన అక్కడి ఈజిప్టు మ్యూజియం, కైరోను పక్కన పెడితే ప్రపంచంలో అంతటి సేకరణ ఉన్న చోట్లు అరుదు. 2004లో దాని నిర్వహణ కొత్త ఫౌండేషన్‌కు అప్పగించినప్పుడు కేంద్ర సాంస్కృతిక శాఖ, ప్రాంతం, జిల్లా, నగరంతో పాటు కొంపాన్యా దీ సాన్ పావొలో, టురిన్ పొదుపు బ్యాంకు ఫౌండేషన్ కూడా స్థాపక సభ్యులయ్యాయి. సర్కారు సొత్తును ఇలా ఉమ్మడి నిర్వహణకు ఇవ్వడం ఆ దేశంలో అప్పటికి కొత్త సాహసం. 2015లో కొత్త రూపు దిద్దుకుని తలుపులు తెరిచిన ఆ మ్యూజియానికి 2023లో వచ్చిన సందర్శకులు పది లక్షలు దాటారు. మరుసటి ఏడే ద్విశతాబ్ది జరుపుకుంది. ఊరి శివార్లలో శిథిలమైపోయిన వెనరియా రాజప్రాసాదం 2007లో మళ్లీ వెలుగు చూసింది. ఆ ప్రాసాదం నిర్వహణలోనూ కొంపాన్యా భాగస్వామి.

టురిన్‌లోనే ఉన్న పాత రైలింజన్ల మరమ్మతు కర్మాగారం కథ ఇంకా ముచ్చటైనది. పందొమ్మిదో శతాబ్దం చివర కట్టిన ఆ ఇటుకల కట్టడాన్ని 1990ల్లో మూసేశారు. కూల్చేయడమా, గోడలు తమంతట తాము కూలేదాకా చూడడమా అన్న దశలో, 2013లో టురిన్ పొదుపు బ్యాంకు ఫౌండేషన్ కొని, సుమారు 10 కోట్ల యూరోలు పెట్టి బాగుచేయించింది. 2017 సెప్టెంబరు 30న ఓజీఆర్ పేరుతో అది తిరిగి తెరుచుకుంది. ఇంజన్లు విప్పిన చోట ఈ రోజు చిత్రకళా ప్రదర్శనలు, కచేరీలు, కొత్త కంపెనీలు కొలువుదీరాయి. కార్మికుల శ్రమకు గుడి కట్టి వదిలేయకుండా, అందులో మళ్లీ పని పుట్టించారు. ముప్పై అయిదేళ్ల పనుల్లో ఒక్కదాన్నే ఎంచమంటే నేను దీనికే ఓటేస్తాను.

బొలోన్యా మరో దారి తొక్కింది. నగర పొదుపు బ్యాంకు ఫౌండేషన్ పాత రాజభవనాలనూ, చర్చిలనూ ఒక్కొక్కటిగా బాగుచేయించి, ఊరంతా పరుచుకున్న ఒకే మ్యూజియంగా అల్లింది. కర్రాచ్చి కుటుంబపు యువ చిత్రకారులు గోడల మీద చిత్రాలు గీసిన ఫావా భవనం, నగర చరిత్ర చెప్పే పెపోలి భవనం, పాతకాలపు సంగీత వాద్యాలు ఈనాటికీ పలికే సాన్ కొలొంబానో చర్చి అందులోని పూసలు. 2014లో డచ్చి చిత్రకారుడు వెర్మీర్ గీసిన ముత్యపు చెవిపోగు అమ్మాయి హాలండ్‌కు తిరిగి వెళ్తూ యూరప్‌లో కొలువైన ఒకే ఒక్క మజిలీ ఈ ఫావా భవనమే! పెద్దగా ఎవరికీ తెలియని ఫొర్లీ పట్టణం కూడా తక్కువ తినలేదు. 2005 నుంచి అక్కడి ఫౌండేషన్ సాన్ దొమెనికో మఠంలో ఏటా ఒక మహా ప్రదర్శన నిలబెడుతోంది. 2009లో శిల్పి కనోవాకు, 2021లో దాంతె ఏడువందలవ వర్ధంతి ఏట ఆ మహాకవికి అక్కడ నీరాజనం పట్టారు. లా స్పెత్సియా ఫౌండేషన్ 2004 నుంచి సర్జానా అనే చిన్న ఊళ్లో ‘మనసు పండుగ’ నడుపుతోంది. శాస్త్రవేత్తలు, రచయితలు వచ్చి మాట్లాడుతుంటే జనం టికెట్టు కొనుక్కుని మరీ వింటారు. రాజధానిలోనో, రాష్ట్ర కేంద్రంలోనో తప్ప సంస్కృతి బతకదనుకునేవాళ్లు ఈ రెండు చిన్న ఊళ్లనూ చూసి రావాలి.

మిలాన్ దృష్టి మాత్రం మనుషుల మీద. అమెరికాలో సముదాయ ఫౌండేషన్లు ఎలా నడుస్తున్నాయో గమనించిన గుత్సెత్తి, ఆ విత్తనాన్ని లొంబార్దియాలో నాటారు. 1999లో లెక్కో, కోమో పట్టణాల్లో మొదటివి మొలిచాయి. ఒక్కో జిల్లాకు ఒక్కో నిధి. పెద్ద ఫౌండేషన్ కొంత వేస్తుంది, ఊరివాళ్లు కొంత వేస్తారు, దేనికి ఖర్చు పెట్టాలో ఊరివాళ్లే తేలుస్తారు. 2018లో మిలాన్ నగరానికే ఒకటి ఏర్పడేసరికి ఆ ప్రాంతమంతా ఈ నిధులతో నిండిపోయింది. అద్దెలు భరించలేని యువ దంపతుల కోసం కారిప్లో 2004లో గృహవసతికి ప్రత్యేక ఫౌండేషన్ పెట్టింది. ఆ కృషిలో భాగంగా 2013లో మిలాన్‌లోని చెన్ని వీధిలో తొమ్మిదేసి అంతస్తుల చెక్క భవనాలు నాలుగు లేచాయి. అందుబాటు అద్దెకు ఇళ్లు, మధ్యలో ఉమ్మడి వాకిలి.

ఒక కొరతను మాత్రం దాచకూడదు, దాన్ని తీర్చిన తీరూ చెప్పుకోవాలి. 88 ఫౌండేషన్లలో 47 ఉత్తరాన, 30 మధ్య ఇటలీలో ఉంటే దక్షిణానికీ దీవులకూ కలిపి దక్కినవి 11 మాత్రమే. డబ్బు దాచుకోగలిగిన చోటే పొదుపు బ్యాంకులు బలిశాయి మరి. అవసరం ఎక్కువున్న చోట నిధి తక్కువ. ఈ అన్యాయాన్ని ఫౌండేషన్లు తమకు తామే గుర్తించి, సేవా సంఘాలతో చేయి కలిపి 2006 నవంబరులో ఇప్పుడు ‘దక్షిణంతో’ అన్న అర్థం వచ్చే పేరున్న ఫౌండేషన్‌ను నెలకొల్పాయి. మాఫియా నుంచి జప్తు చేసిన భవనాల్లో, పొలాల్లో కొత్త ఉపాధి పుట్టించే పనులకు అది ఊతమిచ్చింది. నేపుల్స్‌లో సనితా అనే పేదల పేటలో లా పరాంజా సహకార సంఘం కుర్రాళ్లు సాన్ జెన్నారో భూగర్భ సమాధుల్ని తెరిచి చూపిస్తామంటే ఆదిలో చేయందించింది. ఒకప్పుడు ఏడాదికి కొన్ని వేల మంది వచ్చే ఆ చోటికి తరవాత లక్షకు పైగా వచ్చారు. పేట కుర్రాళ్లే గైడ్లు, పేట వాళ్లే మేస్త్రీలు. పలెర్మోలో సిసిలీ ఫౌండేషన్ బ్రాంచిఫోర్తె భవనాన్ని వాస్తుశిల్పి గాయె అవులెంతి చేత తీర్చిదిద్దించి 2012లో తెరిచింది. పేదల పక్కబట్టలూ సామాన్లూ తాకట్టు పెట్టుకున్న కాలం నాటి చెక్క అరలు ఆ భవనంలో అంతస్తుల ఎత్తున ఇంకా నిలబడే ఉన్నాయి. 2016లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని పిల్లల విద్యా దారిద్ర్యాన్ని ఎదిరించే నిధి మొదలుపెట్టారు. 2018 నుంచి జైళ్లలో నాటక శిక్షణకూ తోడ్పడుతున్నారు. వోల్తెర్రా జైల్లో 1988 నుంచి ఖైదీలతో రంగస్థలం నడిపిన అర్మాందో పున్జో అనుభవమే దానికి పునాది.

పండుగ పూట చేదు మాట ఎందుకంటారేమో కానీ, సియెనా సంగతి దాటేస్తే ఈ అభినందన నమ్మకం పోగొట్టుకుంటుంది. అక్కడి ఫౌండేషన్ బ్యాంకు మీద పెత్తనం వదులుకోలేకపోయింది. సంపదంతా ఒకే బ్యాంకు షేర్లలో ఉంచి, ఆ షేర్లు నిలబెట్టుకోవడానికి అప్పులు కూడా చేసింది. 2007లో బ్యాంకు 900 కోట్ల యూరోలు పోసి అంతోన్వెనెతా అనే మరో బ్యాంకును కొని కష్టాల్లో పడేసరికి, శతాబ్దాల కూడబెట్టులో అధికభాగం ఆవిరైపోయింది. మిగతావాళ్లు ఆ దెబ్బ నుంచి నేర్చుకున్నారు. 2015 ఏప్రిల్ 22న ఆక్రి ఆర్థిక శాఖతో ఒప్పందం రాసుకుంది: ఏ ఒక్క సంస్థలోనూ నిధిలో మూడోవంతుకు మించి పెట్టకూడదు, తాత్కాలికమైన కొద్దిపాటి నగదు అవసరాలకు తప్ప అప్పు చేయకూడదు, అధ్యక్షుడు వరసగా రెండు పదవీకాలాలకు మించి ఉండకూడదు. ప్రభుత్వం మెడ మీద కత్తి పెట్టకముందే తమ చేతులకు తామే ముడి వేసుకున్న ఇంగితం ఇది. ముప్పై అయిదేళ్లలో వీళ్లు దిద్దిన భవనాలకన్నా ఇదే నా లెక్కలో గట్టి కట్టడం.

ఇన్ని మెట్లు ఎక్కివచ్చిన ఈ ఫౌండేషన్లు ముందుకు సాగుతూనే ఉంటాయని మా దృఢ విశ్వాసం. వాటి మూలనిధి చెక్కుచెదరక నిలవాలి, దక్షిణానికి అందే వాటా ఇంకా పెరగాలి, వాటి పాలకవర్గాల్లో యువతీయువకులకు చోటు విశాలం కావాలి, వందేళ్ల పండుగ ఇంతకు పదింతల వైభవంతో జరగాలి. అభివృద్ధిరస్తు!

మిలాన్, టురిన్ పాలిటెక్నిక్‌లలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు ఒక విన్నపం. ఈజిప్టు మ్యూజియానికో, ఓజీఆర్‌కో వెళ్లినప్పుడు వాటిని నడిపిస్తున్న సంస్థల పేర్లు చదవండి, డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో, ఖర్చు ఎవరు తేలుస్తున్నారో అడిగి తెలుసుకోండి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ పద్ధతిని మీ ఊరి సహకార సంఘంలో, మీ బడి పూర్వవిద్యార్థుల సంఘంలో నలుగురి ముందూ చెప్పండి.